నిద్రగింజ

మా ఇంట్లో ఆలస్యంగా లేచేవాళ్లకి ఒక పేరుండేది. నిద్రగింజ. ఆ పేరు ఎక్కువగా నాకే దక్కేది. బారెడు పొద్దెక్కినా నేను ముసుగు తీయకపోతే నాన్న మంచం కోడు మీద వేళ్లతో టకటకా కొట్టి, "ఏమ్మా, ఈ గింజకి ప్రాణం ఉందా, పోయిందా?" అనేవాడు. వంటింట్లోంచి అమ్మ, "ఉందిలెండి, కాఫీ వాసన తగిల్తే అదే లేస్తది," అనేది. ఇది ఎనభైల నాటి మాట. అప్పుడు మేం బాపట్లలో ఉండేవాళ్లం. ఇంట్లో మేం ముగ్గురమే. నాన్న విత్తనాలు పరీక్ష చేసే ల్యాబులో పనిచేసేవాడు.

"మీ నాన్నగారు ఏం చేస్తారమ్మా?" అని స్కూల్లో టీచర్లు అడిగితే, "వడ్లగింజలు బతికున్నాయో లేదో చూస్తాడండి," అని చెప్పేదాన్ని. క్లాసంతా నవ్వేది. నాకు ఒళ్లు మండేది. నవ్వడానికేముంది, నిజంగా ఆయన పని అదే. రైతులకి అమ్మబోయే విత్తనాల్లోంచి గుప్పెడు తీసి ల్యాబుకి పంపిస్తారు. వాటిని తడి కాగితంలో వరసగా పేర్చి, చాపలా చుట్టి, ఒక అలమారలో నిలబెడతారు. కొన్నాళ్లకి విప్పి మొలకలు లెక్కపెడతారు. అది మొదటి లెక్క. అప్పటికి మొలవనివాటిని మళ్లీ చుట్టిపెట్టి ఇంకొన్నాళ్లు ఆగుతారు. అది చివరి లెక్క. చివరి లెక్కకి కూడా ఉలుకూ పలుకూ లేకపోతే అప్పుడు వాటి సంగతి తేల్చాలి.

అక్కడే నాన్నకి పట్టుదల ఎక్కువ. మొలవనంత మాత్రాన చచ్చినట్టు కాదనేవాడు. ఒకసారి కొల్లూరు నుంచి ఒక రైతు తగువుకొచ్చాడు. విత్తనాలు నానబోస్తే ఒక్కటీ మొలవలేదని, చచ్చిన గింజలు అంటగట్టారని ల్యాబు వరండాలో నిలబడి కేకలు. నాన్న ఆయన్ని కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, "చావలేదు బాబాయ్, నిద్రలో ఉన్నాయి. కొత్త వడ్లు గదా. బాగా ఎండబెట్టి అప్పుడు నానబొయ్యి. నిద్రపోయేదాన్ని లేపుకోవచ్చు. చచ్చినదాన్నైతే నేను మాత్రం ఏం చేస్తాను?" అన్నాడు. ఆ రైతు గొణుక్కుంటూ వెళ్లి, కొన్నాళ్లకి అరటిగెల భుజాన వేసుకుని నేరుగా మా ఇంటికొచ్చాడు. అన్నీ మొలిచాయట. ఆ గెల అంతా ఒక్కసారే పండి కూర్చుంది. ఇరుగుపొరుగుకి పంచినా ఇంకా మిగిలి, అమ్మ అరటిపండంటేనే మొహం తిప్పుకునేదాకా తిన్నాం.

తొందరగా తేల్చాలంటే రంగు పరీక్ష చేసేవాళ్లు. నానిన గింజని బ్లేడుతో నిలువునా చీల్చి, నీళ్లలా ఉండే ఒక మందులో వేసి, వెచ్చగా చీకట్లో ఉంచుతారు. ప్రాణం ఉన్నచోట గింజ ఎర్రబడుతుంది. ప్రాణం పోయినచోట తెల్లగానే ఉండిపోతుంది. గింజంతా ఒక్కసారే చావనక్కర్లేదు, ఒక మూల చచ్చి ఇంకో మూల బతికుండొచ్చు. సెలవురోజుల్లో నాన్న నన్ను తీసుకెళ్లి, భూతద్దం చేతికిచ్చి, ఆ గింజల్ని చదవమనేవాడు. చూడమని అనేవాడు కాదు, చదవమనే అనేవాడు. ఒకరోజు అమ్మకి కూడా చూపిద్దామని గాజుపళ్లెంలో పెట్టుకుని ఇంటికే తెచ్చాడు. అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసి, "కుంకుమ అంటినట్టుందండి," అంది. పక్కన తెల్లగా మిగిలిపోయిన గింజని చూపించి, "మరి దీనికి?" అని అడిగింది. "దానికి అంటదు. అది పోయింది," అన్నాడు నాన్న. "అయ్యో పాపం," అంది అమ్మ, వడ్లగింజని పట్టుకుని. నేనూ నాన్నా పగలబడి నవ్వాం.

తొంభైల మొదట్లో, నేను డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉండగా, రేపల్లెలో పెద్దమ్మ వాళ్ల గృహప్రవేశానికి వెళ్లాం. పెద్దమ్మ అంటే మా అమ్మకి అక్క. చేతికి ఎముక లేనట్టు వడ్డించే మనిషి. భోజనాలయ్యాక నాన్న గుండెల మీద చెయ్యేసుకుని అరుగు మీద కూర్చుండిపోయాడు. మంటగా ఉందన్నాడు. "మరిదిగారు బూరెలు ఎక్కువ లాగించారు, గ్యాసు పట్టింది," అని పెద్దమ్మ తేల్చేసి వాము నమిలించింది. సోడా తెప్పించింది. నాన్న కూడా "గ్యాసేలే" అన్నాడు. అందరూ ఆ మాటే అన్నారు, నేనూ అన్నాను. గ్యాసు కానిది మా ఇళ్లల్లో మగవాళ్లకి ఇంకేం వస్తుంది? నీళ్లు కాచి వీపుకి కాపడం పెట్టారు. మర్నాడు పొద్దున రేపల్లె ప్యాసింజరెక్కి తెనాలిలో దిగాం. బాపట్ల బండి కోసం ప్లాట్‌ఫారం మారాలి. నాన్న సిమెంటు బల్ల మీద, "ఒక్క నిమిషం కూర్చుంటానే," అని కూర్చున్నవాడు మళ్లీ లేవలేకపోయాడు. చొక్కా పిండితే నీళ్లు కారేటట్టుంది. ఎవరో ఇద్దరు సాయం పట్టి రిక్షా ఎక్కించారు.

తెనాలిలో ఆ డాక్టరుగారు పెద్దాయన, మాట కటువు. ఇ.సి.జి. కాగితం చూసి, "నొప్పి ఎప్పుడు మొదలైంది?" అన్నాడు. నిన్న మధ్యాహ్నమండి అంది అమ్మ. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "గ్యాసనుకున్నారా?"

"అవునండి."

"ఈ ప్రాంతంలో గుండెనొప్పి వచ్చినవాళ్లందరూ ముందు గ్యాసే అంటారమ్మా. గుండె కండకి రక్తం ఆగిపోయింది. ఆగిన దగ్గర్నుంచీ కొంచెం కొంచెంగా కండ చస్తూ పోతది. మొదట్లోనే వచ్చుంటే గడ్డ కరిగించే మందు ఎక్కించి కొంత దక్కించేవాణ్ణి. ఇప్పుడు మనిషిని దక్కించే సంగతి చూద్దాం."

మనిషిని దక్కించాడు. ఆ విషయంలో ఆయనకి ఈ రోజుకీ దణ్ణం పెడతాను. కానీ నాకు ఆ తర్వాత వాము వాసన పడలేదు. జంతికల్లో తగిలినా నోట్లోది ఊసేస్తాను. పెద్దమ్మ మీద చాలాకాలం కోపం ఉండేది. ఆవిడ తప్పేం లేదని తెలిసీ కోపమే.

ఇంటికొచ్చాక నాన్న మునుపటి మనిషి కాలేదు. సాయంత్రాలు సూర్యలంక రోడ్డు మీద సరుగుడు తోటల దాకా నడిచే అలవాటుండేది. ఇప్పుడు వీధి చివర కల్వర్టు దగ్గరే ఆగి, దారినపోయేవాళ్లని పలకరిస్తున్నట్టు నటిస్తూ ఊపిరి తీసుకునేవాడు. గుంటూరులో గుండెకి స్కానింగు తీయించాం. గుండె ముందు గోడ కదలడం లేదన్నారు. ఆ కాగితం పట్టుకుని మళ్లీ తెనాలి వెళ్లాం. డాక్టరుగారు చాలాసేపు చూసి, మాకు ఎప్పటికీ గుర్తుండిపోయే మాట ఒకటి అన్నారు.

"కదలడం లేదు నిజమే. కదలనంత మాత్రాన చచ్చిపోయిందనుకోవద్దు. రక్తం చాలక నిద్రపోతుండొచ్చు."

నాన్న నా వంక చూశాడు. జబ్బుపడ్డాక ఆయన మొహంలో వెలుగు చూడటం అదే మొదలు. "చచ్చిందో నిద్రపోతుందో ఎట్టా చదువుతారండి?" అని అడిగాడు. చదవడమేంటో అర్థంకాక డాక్టరుగారు ఒక్క క్షణం ఆగి, మద్రాసులో ఒక పరీక్ష ఉందని చెప్పారు. థాలియం అని ఒక మందు నరానికి ఎక్కిస్తారు. ప్రాణమున్న కండ దాన్ని పీల్చుకుంటుంది, చచ్చిన కండ పీల్చుకోదు. కెమెరా కింద పడుకోబెట్టి ఫొటో తీస్తారు. నిద్రపోయే కండైతే వెంటనే పీల్చుకోలేదు గనక, కొన్ని గంటలు ఆగి మళ్లీ తీస్తారు. కోత లేదు, కుట్టు లేదు. "నిద్రపోతుంటే ఆపరేషన్ చేసి రక్తం అందిస్తే లేస్తది. చచ్చిపోయుంటే ఆపరేషన్ వల్ల ఉపయోగం లేదు. అది తేల్చుకోవాలి," అన్నారు.

తిరుగు ప్రయాణంలో అమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. కూరలమ్మేవాడితో కూడా పది ప్రశ్నలు వేసే మనిషి. చెయ్యి మెడలో సూత్రాల మీంచి తీయలేదు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కున్నాక అప్పుడడిగింది. "ఏవండీ, ఆ తాళి పరీక్షకి నా సూత్రాలు తీసి ఇవ్వాలా ఏంటి?"

నాన్న నవ్వాడు. ఎంత నవ్వాడంటే, ఊపిరందక గోడ పట్టుకుని నిలబడాల్సి వచ్చింది. "తాళి కాదే, థాలియం. అది మందు పేరు. పరీక్ష నీ తాళికి కాదు, నా..." అని, సగంలో ఆగిపోయాడు. అమ్మ వంటింట్లోకి వెళ్లిపోయింది. అప్పట్నుంచి మా ఇంట్లో దాని పేరు తాళి పరీక్షే. పెద్దమ్మకి చెప్పినా అదే, పక్కింటివాళ్లకి చెప్పినా అదే. అమ్మ తప్పుగా విన్నది గానీ తప్పుగా అర్థం చేసుకోలేదనిపిస్తుంది నాకు.

మద్రాసుకి ముగ్గురం వెళ్లాం. పొద్దున్నే పరగడుపున నాన్నకి ఇంజెక్షన్ ఇచ్చి, కాసేపాగి లోపలికి తీసుకెళ్లి, చేతులు తలపైకెత్తి పడుకోబెట్టారు. తలుపుకున్న అద్దంలోంచి చూశాను. పెద్ద పళ్లెం లాంటి కెమెరా ఆయన ఛాతీ చుట్టూ మెల్లగా తిరుగుతూ ఉంది. ఆయన కదలకుండా, బుద్ధిమంతుడిలా, పైకప్పు చూస్తున్నాడు. బయటికొచ్చాక మధ్యాహ్నం మళ్లీ తీస్తామన్నారు.

ఆ మధ్యలో దొరికిన కొన్ని గంటలు నేనెప్పటికీ మర్చిపోలేను. ఆసుపత్రి ఆవరణలో నీడ చూసుకుని కూర్చున్నాం. నాన్న హుషారుగా ఉన్నాడు, పిల్లాడికి బొమ్మ దొరికినట్టు. "ఇది మన రంగు పరీక్షేనే," అని అమ్మకి చెప్పడం మొదలుపెట్టాడు. "అప్పుడు నీకు పళ్లెంలో తెచ్చి చూపించలా? అదే. బతికినచోట ఎర్రగా వస్తది. పోయినచోట రాదు. గింజని చీల్చాలి, దీన్ని చీల్చక్కర్లేదు, అంతే తేడా. ఇప్పుడు తీసింది మొదటి లెక్క. మధ్యాహ్నం తీసేది చివరి లెక్క. మొదటి లెక్కకి రానివి చివరి లెక్కకి వస్తాయి, నేనెన్ని చూశాను."

"అయితే మనది నిద్రగింజేనంటారా?" అంది అమ్మ.

"చూద్దాం," అన్నాడు. ఆయన నోట 'చూద్దాం' అనే మాటకి ఎప్పుడూ ఆశ అనే అర్థం. నేను కూడా ఆశపడ్డాను. నాకు దేవుడి మీద అంత గురి లేదు, కానీ ఆ రోజు ఆ చెట్టు కింద కూర్చుని, ఎర్రబడాలి, ఎర్రబడాలి అని లోపల అనుకుంటూనే ఉన్నాను.

సాయంత్రం డాక్టరు మమ్మల్ని ముగ్గుర్నీ లోపలికి పిలిచాడు. కుర్రాడే, అరవ మనిషి, తెలుగు రాదు. వెలుతురు పెట్టె మీద రెండు ఫొటోలు పక్కపక్కన తగిలించి ఇంగ్లీషులో చెప్పాడు. గుండెని అడ్డంగా కోసినట్టు కనిపించే బొమ్మలు. గారెల్లా ఉన్నాయి, మధ్యలో చిల్లుతో. పొద్దుటి గారెకి ఒక పక్కన కొరికేసినట్టు ఖాళీ. మధ్యాహ్నం గారెకీ అదే పక్కన, అంతే ఖాళీ. మిగతా చుట్టూ ఎరుపూ పసుపూ. ఆ ఒక్కచోట నలుపు. ఆయన మాటలు నాకు వినాల్సిన అవసరం కూడా లేకపోయింది. ఎన్ని సెలవుల్లో చదివించాడు నాన్న. ముందు భాగమంతా మచ్చ కట్టిపోయిందని, బతికిన కండ అక్కడ కనబడటం లేదని, ఆపరేషన్ చేసినా ప్రయోజనం ఉండదని, మందులు వాడుకుంటూ జాగ్రత్తగా ఉండమని డాక్టరు చెప్పాడు. మర్యాదగానే చెప్పాడు.

నాన్న కళ్లద్దాలు తీసి, పంచె అంచుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, ఫొటోల దగ్గరికి వంగి చూశాడు. ల్యాబులో గింజ మీదికి ఎట్లా వంగేవాడో అట్లాగే. చాలాసేపు చూశాడు.

అమ్మ మెల్లిగా అడిగింది. "ఏంటంటున్నారండి?"

నాన్న నిటారుగా నిలబడ్డాడు. "నిద్రగింజంట," అన్నాడు.

అమ్మ ఆయన మొహంలోకి చూసింది. తర్వాత ఫొటోల వైపు చూసింది. "అయితే ఆపరేషన్ చేసి లేపుతారా?"

"అక్కర్లేదంట. మందులతోనే మెల్లిగా లేస్తదంట."

అమ్మ తలూపింది. డాక్టరుకి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. ఆ కుర్ర డాక్టరు పాపం ఏమనుకున్నాడో, తనూ దణ్ణం పెట్టాడు.

స్టేషన్లో అమ్మ మరచెంబుతో నీళ్లకి వెళ్లినప్పుడు నాన్న మీద విరుచుకుపడ్డాను. ఎందుకట్టా చెప్పావు, రేపేదైనా అయితే ఆమె ఏమైపోవాలి, నన్ను కూడా ఈ అబద్ధంలోకి ఎందుకు లాగావు అని. నాన్న తిట్లన్నీ విని, "ఉన్నది ముగ్గురం. ముగ్గురం కూర్చుని ఏడిస్తే అన్నం ఎవరు వండుతారే?" అన్నాడు. నేను నవ్వలేదు. అప్పుడు నా చెయ్యి పట్టుకుని, "మీ అమ్మ మామూలుగా ఉండాలమ్మా. ఆమె మామూలుగా ఉంటే నేను కూడా మామూలుగా ఉండగలను. లేకపోతే నావల్ల కాదు," అన్నాడు. ఆయన చెయ్యి చల్లగా ఉంది. అమ్మ నీళ్లు తీసుకుని వస్తూ కనిపించింది. నేను మొహం అటు తిప్పుకున్నాను.

అమ్మ మామూలుగానే ఉంది. అదే నాకు ఆశ్చర్యం. ఉప్పు తగ్గించిన కూరలు వండి, అవే అందరం తినాలంది. పెద్దమ్మ వస్తే, "తాళి పరీక్ష బాగానే వచ్చిందక్కా, నిద్రపోతుందంట, లేస్తదంట," అని చెప్పింది. నాన్న మీద విసుక్కునేది, కాఫీ చల్లారబెట్టినందుకు కేకలేసేది. నాన్న తిరిగి ల్యాబుకి వెళ్లాడు. బరువు పనులు లేకుండా, కుర్చీలో కూర్చుని గింజలు చదివే పని ఇచ్చారు. నాకు తెనాలిలో ఒక స్కూల్లో ఉద్యోగం వచ్చి అక్కడే గది తీసుకున్నాను. ఆదివారాలు బాపట్ల వచ్చేదాన్ని. వచ్చినప్పుడల్లా కల్వర్టు ఇంకొంచెం దూరం జరిగినట్టుండేది ఆయనకి. చివరికి గేటు దాకానే నడక. అమ్మని చూస్తే నాకు ఒక్కోసారి జాలేసేది, ఒక్కోసారి కోపమొచ్చేది. కళ్లెదుట మనిషి ఇట్లా కరిగిపోతుంటే ఎట్లా నమ్ముతుంది ఈవిడ అని. ఒక్కటి మాత్రం గమనించాను. ఆదివారం నేను ఎంత పొద్దెక్కేదాకా పడుకున్నా నన్నెవరూ నిద్రగింజ అనడం లేదు.

అట్లా రెండు వేసవులు గడిచాయి. మూడోది రాకముందే, ఒక పొద్దున నాన్న లేవలేదు. నేను తెనాలి నుంచి వచ్చేసరికి వరండాలో పడుకోబెట్టి ఉన్నారు. మొహం ప్రశాంతంగా ఉందని అందరూ అంటున్నారు. నాకు అదేమీ ఓదార్పుగా లేదు. నాకు నాన్న కావాలి, ప్రశాంతత నేనేం చేసుకోను.

కర్మకాండలు అయిపోయి, చుట్టాలు వెళ్లిపోయాక, ఒక మధ్యాహ్నం అమ్మా నేనూ వంటింట్లో గోడకి ఆనుకుని కూర్చున్నాం. ఆమె మెడ బోసిగా ఉంది. అటు చూడలేక నేల చూస్తున్నాను. ఇంక దాచడం దేనికని, "అమ్మా, మద్రాసులో డాక్టరు చెప్పింది..." అని మొదలుపెట్టాను.

"నాకు అప్పుడే తెలుసే," అంది అమ్మ.

"నాన్న చెప్పాడా?"

"ఆయనెందుకు చెప్తారు. నాకు ఇంగ్లీషు రాకపోతే మాత్రం రంగు కనపడదా? ఆ పక్కన కుంకుమ అంటలేదుగా. రెండోదానికి కూడా అంటలేదు."

"మరి ఇన్నాళ్లూ ఒక్కసారైనా అడగలేదేంటి?" అన్నాను.

"అడిగితే ఇంకో అబద్ధం వెతుక్కోవాలి గదా ఆయన. అసలే చేతకాదు. ఆ ఒక్కటి ఆడేటప్పుడే చూశావా, పెదాలు ఎట్టా వణికాయో. నేను నమ్మితే ఆయనకి కాస్త నిబ్బరంగా ఉంటది. అందుకని నమ్మాను." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఆ రోజు పొద్దున కాఫీ పట్టుకెళ్లా. చూడంగానే తెలిసింది. అయినా గ్లాసు కింద పెట్టి, ఆయన నిన్ను లేపేవారే, అట్టా మంచం కోడు మీద కొట్టా. కొడతానే ఉన్నా, పక్కింటావిడ వచ్చి నా చెయ్యి పట్టుకునేదాకా."